పన్నెండు వందల కుడిచేతులు

మా గల్లీలో పొయ్యి మీది గిన్నె దించడానికి ఎవరూ మసిగుడ్డ వెతుక్కోరు. కంపెనీ గ్లౌజు తొడుక్కుంటారు. రుద్రారంలో మాది నలభై ఇళ్ళ గల్లీ. అందులో ముప్పై ఇళ్ళ మగవాళ్ళు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనే పని చేస్తారు. జతలో ఒక గ్లౌజు చిరిగితే కంపెనీవాళ్ళు కొత్త జత ఇస్తారు. చిరగని రెండోది ఇంటికి వచ్చేస్తుంది. ఎర్రగా కాలిన ఇనుము పట్టుకోవడానికి పుట్టిన గ్లౌజు ముసలితనంలో పప్పుగిన్నె దించుకుంటూ బతుకుతుంది. నా సంగతీ అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు ఒక బోల్టుల కంపెనీ గేటు కాసి, ఇప్పుడు ఇంటి ముందు అరుగు కాస్తున్నాను. ఆ గేటు దగ్గర ఆషాఢం గాలి ఎంత జోరుగా వీచేదంటే, పటాన్‌చెరులో నా టోపీ ఎగిరితే సంగారెడ్డి బస్టాండుకు వెళ్ళి తెచ్చుకునేవాడిని. నమ్మకపోతే మానండి.

ఈ కథ మాత్రం నా టోపీది కాదు, పక్కింటి వనజది.

వనజకు ముప్పై రెండేళ్ళు. మందుల కంపెనీలో డబ్బాలు సర్దే కాంట్రాక్టు పని చేసేది. ఒకరోజు కాంట్రాక్టరు మారాడు. కొత్తవాడు కొత్తవాళ్ళను తెచ్చుకున్నాడు. భర్త కుమార్ ఇనుము కరిగించి పోతపోసే షాపులో హెల్పరు. అతని జీతం ఒకటో తారీకు పొద్దున వచ్చి, కిరాయికి, కిరాణా ఉద్దెరకు, వడ్డీకి పోయి, ఆ సాయంత్రానికే ఇంట్లో కనబడేది కాదు. వనజ జాకెట్లు కుట్టేది. కానీ మా గల్లీలో ఎన్ని జాకెట్లు చిరుగుతాయి?

ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, కుమార్ కొత్త గ్లౌజుల జతను బ్లేడుతో కుట్టు విప్పుతోంది.

"ఏంది బిడ్డా, మొగుని మీది కోపం గ్లౌజుల మీద తీస్తున్నవా?" అన్నాను.

"సూడు తాతా, గిండ్ల ఏముంది? అరచెయ్యి దిక్కు రబ్బరు పూసిన గుడ్డ. వెనుక దిక్కు మామూలు మందపు గుడ్డ. జాకెట్టు కంటె అల్కగ ఉంది. గీటిని హైదరాబాద్‌ల కెళ్లి తెప్పిస్తున్నరట. నేను కుట్టియ్యరాదా?"

"కుట్టియ్యి. కంపెనీ మేనేజరు మన అరుగు మీదికే వచ్చి కొంటడు."

"రాకుంటే నేనే పోత," అంది.

పోయింది. మొదటిసారి కుమార్ కంపెనీ గేటు దగ్గరే ఆపేశారు. రెండోసారి లోపలికి పోనిచ్చి, గంటన్నర కూర్చోబెట్టి, రేపు రమ్మన్నారు. మూడోసారి మురళీమోహన్ గారు దొరికారు. సామాన్లు కొనే ఆఫీసరు ఆయన. భీమవరం పక్క నుంచి పాతికేళ్ళ కిందట ఉద్యోగానికి వచ్చి సంగారెడ్డిలో ఇల్లు కట్టుకున్న మనిషి. వనజ విప్పిన జతనే అచ్చుగా పెట్టుకుని కుట్టిన పది జతలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని పోతషాపులో ఇచ్చి చూశాడు. హైదరాబాదు గ్లౌజుల కంటే వారం ఎక్కువ ఆగాయట. జతకు నలభై రూపాయల చొప్పున ఆరు వందల జతలు, వచ్చే నెల ఐదో తారీకుకల్లా కావాలన్నాడు.

ఇక పైసలు కావాలి. మిషన్లకు, గుడ్డకు కలిపి ఎనభై వేలు. వనజ దగ్గర ఉన్నవి ధైర్యం, కత్తెర.

మా గల్లీలో పదిమంది ఆడవాళ్ళ సంఘం ఉంది. లీడరు మొగులమ్మ. నా భార్యకు చెల్లెలు, నాకు మరదలు. చదివింది ఆరో తరగతే గానీ గొంతు మాత్రం పెద్ద చదువు చదివింది. సంఘానికి బ్యాంకు అప్పిస్తుంది. భూమి కాగితాలు అడగదు, బంగారం అడగదు. పదిమంది సంతకాలు అడుగుతుంది. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమంది కట్టాలి. అందుకే ఒకరు తీసుకున్న అప్పు మీద పది ఇళ్ళ కళ్ళు ఉంటాయి. ఈసారి వంతు వనజకు ఇచ్చారు. రెండు మోటారు మిషన్లు, గుడ్డ వచ్చాయి. మొదటి కిస్తు వచ్చే నెల పదో తారీకున ఎనిమిది వేలు.

తర్వాతి వంతు ముత్యమ్మది. ముత్యమ్మ స్టూడెంట్ల హాస్టల్లో అన్నం వండే పెద్ద గిన్నెలు, గంజులు తోముతుంది. రోజూ వెనక తలుపు నుంచి లోపలికి పోయి, వెనక తలుపు నుంచే బయటికి వస్తుంది. ఆమెకు ఒకే ఒక్క ఆశ, బర్రెను కొని అదే హాస్టలుకు పాలు పోయాలని. సదాశివపేట పశువుల అంగడిలో ఒక బర్రెను చూసి కూడా పెట్టుకుంది. ముందుగా బయానా పైసలు ఇవ్వడానికి సంఘం పొదుపు పెట్టెలోని ఏడు వేలు ఆమెకు ఇస్తామని అందరూ ఒప్పుకున్నారు. మిగతాది బ్యాంకు అప్పుతో. కానీ వనజ కిస్తు తప్పిందంటే బ్యాంకు ఎవరికీ ఇంకో అప్పు ఇవ్వదు. బర్రె అంగడిలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు నా పాపం చెప్పాలి.

ఆరు వందల జతలంటే పన్నెండు వందల గ్లౌజులు. అన్ని కత్తిరించడం వనజకు కొత్త. నేను అరుగు మీద కూర్చుని ఊరికే ఉండవచ్చు కదా? ఉండలేదు.

"బిడ్డా, నేను పడుచుతనంల సంగారెడ్డి డేరాల షాపుల మూడేండ్లు కత్తెర పట్టిన. నేను కత్తిరించిన ఒక షామియానా లేపితే, కింద కూసున్నోళ్ళకు తెల్లారింది తెలియక, రెండు దినాలు పెండ్లి బువ్వ తింటనే ఉన్నరు."

"నిజమేనా తాతా?"

"పెండ్లికొడుకును అడుగు. ఇంకా తేన్పులు తీస్తనే ఉన్నడు."

దానితో పెద్ద కత్తెర నా చేతికి వచ్చింది. విప్పిన గ్లౌజు గుడ్డను అచ్చుగా పెడితే జారుతోంది. అట్ట కావాలి అన్నాను. కుడిచేతి ముక్క పెట్టి అట్ట కోశాను. "ఎడమదో?" అంది వనజ. "రెండూ అన్నదమ్ములే గద, ఒక్కటి సాలు," అన్నాను.

ఆమె కూడా సరేనంది. ఎందుకంటే జాకెట్టు కుట్టేవాళ్ళకు రెండు చేతులకూ ఒకటే అచ్చు. గుడ్డను మడత పెట్టి ఒకసారి కత్తిరిస్తే చాలు, ఎడమదీ కుడిదీ వాటంతట అవే వస్తాయి. పదిహేనేళ్ళుగా ఆ పని మడతే చేసిపెడుతోంది, మనిషి ఆలోచించే పని పడలేదు. ఈ గుడ్డ మాత్రం మడతకు లొంగదు, బిరుసు. రబ్బరుకు రబ్బరు ఆనిస్తే అంటుకుపోతుంది. అందుకని ఎనిమిది ముక్కలను ఒకదాని మీద ఒకటి, అన్నిటికీ రబ్బరు పైకి వచ్చేట్టు పరిచాము. మీద అట్ట పెట్టి గీశాము. నేను కరకరా కత్తిరించాను. మూడు రోజులు కత్తిరించాను. ఇంత గొప్పగా ఎవరూ కత్తిరించలేదని మధ్యమధ్యలో చెప్పాను కూడా.

వనజ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వంతులవారీగా రెండు మిషన్ల మీద కుట్టారు. గ్లౌజును లోపలి వైపు బయటికి పెట్టి కుడతారు, తర్వాత తిరగదీస్తారు. తిరగదీయడం చివర పెట్టుకున్నాము. ఇరవై ఐదో తారీకు మధ్యాహ్నం వనజ ఇంటి ముందు బొంత పరిచి, కుట్టిన గ్లౌజులన్నీ గుట్టగా పోశాము. నేను, మొగులమ్మ చెరొక పుల్ల పట్టుకుని వేళ్ళు తిరగేస్తున్నాము.

మొగులమ్మ రెండు గ్లౌజులు తిరగేసి, సంబరంగా రెండు చేతులకూ తొడుక్కుని చప్పట్లు కొట్టబోయింది. కుడిచేయి బాగానే ఉంది. ఎడమచేతికి రబ్బరు అరచేతి వైపు కాకుండా వెనక వైపు వచ్చింది. తీసి ఇంకొకటి తొడిగింది. అదీ అంతే. ఇంకొకటి. ఇంకొకటి. ఇరవై దాకా తొడిగి తీసింది. నా చేతిలోని పుల్ల అప్పటికే ఆగిపోయింది.

"బావా," అంది నిదానంగా. ఆమె నిదానంగా మాట్లాడితే నాకు భయం. "మీ కంపెనీలల్ల మనుషులకు రెండూ కుడిచేతులేనా?"

"సదాశివపేటల అసుంటోణ్ణి ఒకణ్ణి సూసిన," అన్నాను. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

ఎవరూ నవ్వలేదు.

వనజ మిషను దగ్గర నుంచి లేచి వచ్చింది. గుట్టలోంచి ఒక్కొక్కటే తీసి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అట్ట తెచ్చి, తిప్పి, గుడ్డ మీద పెట్టి చూసింది. తిప్పితే ఎడమచేయి. ఒక్కసారి తిప్పి ఉంటే చాలు. 

"పన్నెండు వందలు," అంది. "అన్నీ కుడివే."

"నీకు కత్తెర ఇచ్చిన చేతులకు మొక్కాలె!" మొగులమ్మ గొంతు ఇక దాని చదువుకు తగ్గట్టు లేచింది. "షామియానా కత్తిరించిండట షామియానా! ముత్యమ్మకు నేనేం చెప్పాలె? తొమ్మిది మందికి ఏం చెప్పాలె? ఎనిమిది వేలు ఎవలు కడ్తరు, నీ తేన్పుల పెండ్లికొడుకు కడ్తడా?"

"తాతను అనకు చిన్నమ్మా. అట్ట సూసి ఊకొట్టింది నేను," అంది వనజ. "ఇంక పదిరోజులుంది. జెర ఆలోచన చేయనియ్యి."

మరునాడు పొద్దున నేను చాయ్ కోసం వాళ్ళింటికి పోయాను. వేరే రోజైతే రెండు కోతలు కోసేవాడిని, ఆరోజు నోరు మూసుకుని గుమ్మంలో కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం పొంగింది. వనజ పరధ్యానంగా పక్కనున్న గ్లౌజు అందుకుని కుడిచేతికి తొడుక్కుని గిన్నె దించబోయి, "అబ్బా!" అని వదిలేసింది. వేళ్ళు చురుక్కుమన్నాయి. గ్లౌజును తిప్పి చూసింది. కుమార్‌ది, ఎడమచేతి గ్లౌజు. కుడిచేతికి తొడుక్కుంటే రబ్బరు వెనక్కి పోయి, అరచేతి వైపు ఉత్త గుడ్డే మిగిలింది.

గోడకు మేకు ఉంది. మేకుకు ఇంకో మూడు పాత గ్లౌజులు వేలాడుతున్నాయి. తీసి చూసింది. మూడూ ఎడమవే.

"తాతా, మీ ఇంట్ల ఎన్నున్నయ్?"

నా ఇంట్లో రెండు. నా కొడుకు తెచ్చినవి. రెండూ ఎడమవే.

ఇక వనజ ఆగలేదు. అన్నం అలాగే వదిలి, గోనెసంచి పట్టుకుని గల్లీలోకి దిగింది. ఇల్లిల్లూ తట్టింది. "అక్కా, మసిగ్లౌజు ఇయ్యి. మళ్ళ తెచ్చిస్త." ఒకామె పొయ్యి మీద పాలు పెట్టి, "ఇగో, పొంగినంక తీస్కపో," అంది. మధ్యాహ్నానికి సంచిలో డెబ్బై ఒక్క గ్లౌజులు. నా అరుగు మీద పోసి వేరుచేసింది. అరవై ఆరు ఎడమవి, ఐదు కుడివి.

"కుడివి ఏడ పోయినయ్ తాతా?"

ముప్పై ఒక్క ఏళ్ళు గేటు దగ్గర మనుషుల చేతులు చూసినవాడిని. చెప్పాను. "చిరిగి చెత్తల పోయినయ్ బిడ్డా. సుత్తె కుడిచెయ్యే పడ్తది, పట్కారు కుడిచెయ్యే పడ్తది. కుడి గ్లౌజు పదిదినాలల్ల బొక్క పడ్తది. ఎడమది నెల ఆగుతది."

నా జీవితంలో అబద్ధం కలపకుండా చెప్పిన పెద్ద మాటల్లో అదొకటి.

సంచి ఆటోలో వేసుకుని కంపెనీకి పోయాము. మురళీమోహన్ గారు ఫోనులో ఉన్నారు. వనజ నిలబడింది. ఆయన ఫోను పెట్టేసి తలెత్తేలోగా సంచి బోర్లించింది. మసి, పప్పు, జిడ్డు మరకలతో డెబ్బై ఒక్క గ్లౌజులు టేబులంతా పరుచుకున్నాయి.

"ఏంటమ్మాయ్ ఇది? టేబుల్ మీద ఈ చెత్తేంటి?"

"చెత్త కాదు సార్, మీ పైసలు. గివన్నీ కంపెనీలు జతల లెక్కన కొన్నయే. డెబ్బై ఒకట్ల అరవై ఆరు ఎడమయ్. కుడిది చిరుగుతుంది, మీరు రెండు కొంటున్రు. రెండోది మా పొయ్యి కాడికి వస్తుంది."

ఆయన ఒక గ్లౌజు రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. పప్పు వాసనకు ముక్కు చిట్లించాడు.

"అయితే?"

"ఒంటి కుడివి నేనిస్త. ఇరవై రెండు రూపాయలు. చిరిగిన చేతికి కొత్తది తొడుగున్రి, బాగున్న చేతిది అట్లనే ఉండనియ్యున్రి. నలభై ఖర్చయ్యే కాడ ఇరవై రెండే అయితది."

ఆయన కాలుక్యులేటరు నొక్కుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. "బానే ఉందమ్మా. కానీ మా కంప్యూటర్లో జత అనే ఉంది. ఒంటి గ్లౌజు అని కొడితే అది తీసుకోదు."

"కంప్యూటర్‌కు చేతులున్నయా సార్?"

ఆయన నవ్వాడు. నవ్వి, వెంటనే ఆఫీసరు ముఖం పెట్టుకున్నాడు. "సరే. వంద తీసుకొస్తే చిల్లర ఖర్చుల్లో నగదు ఇప్పిస్తాను. పోతషాపులో వాడి చూస్తాం. అది వేరు, ఇది వేరు. నీ ఆర్డరు ఆరొందల జతలు ఐదో తారీకుకి రావాల్సిందే. ఇంతకీ ఇన్ని ఒంటి కుడివి నీ దగ్గరెందుకు ఉన్నాయేంటి?"

వనజ నావైపు చూడలేదు. అందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"పొరపాటైంది సార్. ఎడమయ్ ఆరొందలు ఇంకా కుట్టాలె. ఐదో తారీకు ఇస్త."

"ఎడమవి ఎడమ చేతికి రావాలి సుమా," అన్నాడాయన.

ఆరు వందల ఎడమ గ్లౌజులకు గుడ్డ కావాలి, ఆరున్నర వేలు కావాలి. ఆ పైసలు ఉన్నది ఒక్కచోటే, సంఘం పెట్టెలో. ఆ పెట్టెలో ఉన్నది ముత్యమ్మ బర్రె.

ఆదివారం మధ్యాహ్నం మొగులమ్మ ఇంటి ముందు చాప పరిచి పదిమంది కూర్చున్నారు. మగవాళ్ళకు సంఘంలో పనిలేదు, కానీ నేరస్థుడు రావాలని మొగులమ్మ కబురు పెట్టింది. వచ్చి గోడ పక్కన కూర్చున్నాను. మధ్యలో తాళం వేసిన పెట్టె. సంఘం కట్టుబాటు ఒకటే. పెట్టె తెరవాలంటే పదిమందీ చేయి ఎత్తాలి. తొమ్మిది చాలవు.

వనజ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు చెప్పింది, ఎడమ గ్లౌజుల గుట్ట చెప్పింది, కంపెనీ మాట చెప్పింది. "ఆరున్నర వేలు ఇయ్యున్రి. ఆర్డరు పోతది, కిస్తు కడ్త. ఇయ్యకుంటే ఈ పన్నెండు వందలు ఇట్లనే ఉంటయ్. కిస్తు మీ నెత్తిన పడ్తది."

ఎనిమిదిమంది ముత్యమ్మ వైపు చూశారు. ముత్యమ్మ చాప పుల్లలు లాగుతోంది.

"రేపే అంగడి," అంది. "బయానా ఇయ్యకపోతే గా బర్రె ఉండది."

"ఎరికే అత్తా."

"ఐదేండ్ల సంది సూస్తున్న. ప్రతిసారి ఎవలకో ఒగలకు ఆపతి వస్తది, నా బర్రె పోతది."

"రెండు మిషన్లు నీ పేరు మీద రాసిస్త. నేను ఇయ్యకపోతే అమ్ముకో."

"మిషన్ పాలిస్తదా?"

వనజ తల దించుకుంది. అది నేను చూడలేకపోయాను. ఒప్పేసుకున్నాను. "ముత్యమ్మా, తప్పు పిల్లది కాదు. డేరాల షాపుల నేను కత్తెర పట్టలే. మూడేండ్లు గుడ్డ కొస పట్టుకోని నిలబడ్డ. కత్తిరించేటోడు వేరే."

"మాకు తెల్వదనుకున్నవా?" అంది మొగులమ్మ. "మా అక్క పెండ్లినాడే చెప్పింది."

ఇద్దరు ముగ్గురు ఫక్కున నవ్వారు. ముత్యమ్మ నవ్వలేదు. కొంగులోంచి ఏదో తీసి చాప మీద పెట్టింది. పాత గ్లౌజు.

"మొన్న నువ్వు గల్లీల గ్లౌజులు అడుక్కుంట తిరిగినవ్ గద," అంది వనజతో. "తెల్లారి హాస్టల్ల బుట్టల సూసిన. పన్నెండున్నయ్. పన్నెండూ ఎడమవే." కుడి అరచేయి చాచి చూపించింది. వేళ్ళ మొదళ్ళలో నల్లగా గట్టిపడిన కాలిన మచ్చలు. "ఏడేండ్ల సంది గీ ఎడమదాన్ని కుడిచేతికి తొడుక్కోని, వందమంది బువ్వ గంజులు దించుతున్న. కాల్తనే ఉండె. నా తోలు పల్చగ ఉంది కావచ్చు అనుకున్న. రబ్బరు అవుతల దిక్కు ఉందని గిప్పుడు ఎరికైంది."

వనజ ఆ చేయి పట్టుకుంది. తన వెంట తెచ్చిన కుడి గ్లౌజు ఒకటి తీసి, ఆ చేతికి తొడిగింది. ముత్యమ్మ పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది.

"ఎంత గిది?"

"నీకు పైసలెందుకు అత్తా."

"ఇరవై రెండన్నవ్ గద. ఊకె తీసుకుంటే నీ దుకాణం నడవది." కొంగు ముడి విప్పి రెండు పదులు, ఒక రెండు రూపాయల బిళ్ళ చాప మీద పెట్టింది. గ్లౌజు తొడిగిన చేయి అలాగే పైకి ఎత్తింది. "ఇగ విను పిల్లా. గా పెట్టెల ఉన్నయి పైసలు కావు, నా బర్రె. నా బర్రెను తోల్కపోతున్నవ్. పాలియ్యకపోతే నిన్నే పిండుత."

మిగతా తొమ్మిది చేతులు లేచాయి. నేనూ ఎత్తబోతే మొగులమ్మ కళ్ళురిమింది. దించాను.

ఆ మరునాడే గుడ్డ వచ్చింది. అట్ట మీద మొగులమ్మ తన ఆరో తరగతి అక్షరాలతో, ఒకవైపు 'కుడి' అని, తిప్పితే 'ఎడమ' అని ఇంతింత లావున రాసింది. కత్తెర వనజ పట్టుకుంది. నాకు ఏం పని ఇచ్చారో మీరే ఊహించుకోండి. గుడ్డ కొస పట్టుకుని నిలబడ్డాను. ఆ పనిలో నాకు మూడేళ్ళ అనుభవం ఉంది కదా. ఈసారి ప్రతి పదింటికీ ఒకటి తిరగదీసి, నా ఎడమచేతికి తొడిగి చూసి కానీ ముందుకు పోలేదు. నాలుగో తారీకు సాయంత్రానికి ఆరు వందల జతలు కంపెనీ గేటు దాటాయి. వాటితోపాటు ఒంటి కుడివి వంద.

అక్కడ ఇంకో దెబ్బ తగిలింది. మురళీమోహన్ గారు జతలు లెక్కబెట్టించి, సంతకం చేసి, వంద ఒంటివాటికి రెండు వేల రెండు వందలు నగదు ఇచ్చాడు.

"జతల పైసలు సార్?"

"బిల్లు పైకి వెళ్ళాలమ్మా. నెల పడుతుంది. అందరికీ అంతే."

వనజకు ఆ సంగతి తెలియదు. కాంట్రాక్టు పనికి వారం వారం కూలి తీసుకున్న మనిషి, సరుకు ఇచ్చాక నెల ఆగాలని ఎట్లా అనుకుంటుంది? కిస్తు ఆరు రోజుల్లో. చేతిలో రెండు వేల రెండు వందలు. ఇంకా ఐదు వేల ఎనిమిది వందలు కావాలి. గేటు బయట చెట్టునీడలో ఒక్క నిమిషం నిలబడింది.

"వాపస్ పోదామా బిడ్డా?"

"ఇంటి కాడ ఇంక ఐదొందల కుడియ్ ఉన్నయ్ తాతా. ఇంటికి పోయి తెద్దాం."

తప్పుగా పుట్టిన ఆ కుడిచేతులే ఇక దిక్కయ్యాయి. షిఫ్టు వదిలే వేళకు చిన్న చిన్న ఫ్యాక్టరీల గేట్ల ముందు చాయ్ డబ్బాల దగ్గర వనజ గోనెసంచి పరిచింది. బొంబాయి రోడ్డు మీద ధాబాలలో తందూరు ముందు నిలబడేవాళ్ళకు మొగులమ్మ అమ్మింది. కొననివాళ్ళను తిట్టి అమ్మింది. ముత్యమ్మ హాస్టలు నుంచి హాస్టలుకు వెళ్ళి, వంటవాళ్ళకు ముందు తన అరచేయి చూపించి, తర్వాత గ్లౌజు చూపించింది. ఒక్కతే తొంభై అమ్మింది. నేను బస్టాండులో కూర్చుని, ఈ గ్లౌజు తొడుక్కుని ఒకతను పిడుగును పట్టుకుని పక్కన పెట్టాడని చెప్పాను. మూడు అమ్మాను.

తొమ్మిదో తారీకు పొద్దుగూకేసరికి మొత్తం రెండు వందల డెబ్బై పోయాయి. పదో తారీకు బ్యాంకు తలుపు తీయకముందే వనజ, మొగులమ్మ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎనిమిది వేలు కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకుని వచ్చారు. మిగిలిన నూట నలభైతో ఏం చేద్దామని మొగులమ్మ అడిగితే, "సుద్దముక్కలు కొందాం, అట్ట గీతలకు," అంది వనజ. జిలేబీ అని నేను అన్నది ఎవరూ వినలేదు.

నెలకు బిల్లు వచ్చింది. తీసుకున్న ఆరున్నర వేలు పెట్టెలోకి తిరిగి చేరాయి. ఆ మొదటి బర్రె అప్పటికే ఎవరింటికో వెళ్ళిపోయింది. ముత్యమ్మ మూడు అంగళ్ళు తిరిగి ఇంకొకదాన్ని పట్టింది. పోతషాపులో ఒంటి గ్లౌజుల లెక్క కుదిరింది. కంప్యూటరులో ఏమి మార్చారో తెలియదు గానీ, ఇప్పుడు నెలకు మూడు వందల జతలు, నాలుగు వందల ఒంటి కుడివి పోతున్నాయి. వనజ దగ్గర గల్లీ ఆడవాళ్ళు ఐదుగురు కుడుతున్నారు. కుమార్ జీతం ఇప్పుడు ఒకటో తారీకు సాయంత్రం కూడా ఇంట్లో కనబడుతోంది.

మొన్న ఒక బిహారు పిల్లవాడు వచ్చాడు, వెల్డింగు పని. "దీదీ, ఎడమది ఒకటి ఉందా? నేను లెఫ్టీ," అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. అందరి ఇళ్ళలోనూ ఎడమవి మిగిలితే, పాపం వాడి గదిలో కుడివి గుట్టపడ్డాయట. వనజ నవ్వుతూ అట్ట తిప్పింది.

అదే రోజు బస్టాండులో నలుగురికి ముత్యమ్మ బర్రె సంగతి చెబుతున్నాను. పూటకు నలభై లీటర్లు, పిండేటప్పుడు చప్పుడుకు పక్క ఊళ్ళో వాన వచ్చిందనుకుని ఆరేసిన బట్టలు తీసేస్తారు అని. వెనక నుంచి ముత్యమ్మ గొంతు వినిపించింది. నెత్తి మీద పాలక్యాను. చేతికి ఆ కుడి గ్లౌజు.

"ఆరు," అంది. "ఆరు లీటర్లు. అబద్ధాలు ఆపి జెర క్యాను దించు. హాస్టల్ వార్డెన్ మేడం ముంగటి తలుపు కాడ ఎదురు సూస్తుంది."